కోన్ ఫిల్టరు కారు కేసు: టర్బో బండికి ఇన్‌టేక్ ఎంచుకున్న తీరు

కారు 1.5 లీటర్ల టర్బో పెట్రోల్, ఆరు గేర్ల మాన్యువల్. ముందు బంపర్ వెనక ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి వేడెక్కించిన గాలిని చల్లబరిచేది), ఫిల్టరు ఉండే ఎయిర్ బాక్స్ దాటగానే లోపలికి పోయే గాలిని తూచే హాట్ ఫిల్మ్ మాఫ్ సెన్సర్. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఓనరు పాతికేళ్లు దాటని కుర్రాడు. ఎయిర్ బాక్స్ బదులు మూత లేని కోన్ ఫిల్టరు పెట్టే ఓపెన్ కోన్ ఇన్‌టేక్ కిట్ తనే కొని, తనే బిగించుకుని, మూడు వారాలు తిప్పి నా దగ్గరికి తెచ్చాడు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే బండి కుదుపుతోంది. ట్రాఫిక్‌లో అయితే ఈడ్చుకుంటూ కదులుతోంది.

"సౌండ్ మాత్రం సూపర్ అన్నా," అన్నాడు. నేను దాన్ని పీకేయమంటానేమోనని ముందే భయం.

"పీకడం తర్వాత, ముందు కొలుద్దాం," అన్నాను. ఆరు నెలల్లో ట్యూన్ కూడా చేయించుకుంటాడట, అంటే పవర్ కోసం ఈసీయూలో లెక్కలు మార్పించడం. ఇన్‌టేక్ ఏది పెట్టాలన్నది ఆ మాటను బట్టే తేలుతుంది కాబట్టి అది రాసి పెట్టుకున్నాను.

వచ్చినప్పుడు ఉన్నది

బిగింపులో తప్పేమీ లేదు. క్లాంపులు సరిగ్గానే కూర్చున్నాయి. స్మోక్ మెషిన్ పెట్టి చూస్తే ఎక్కడా పొగ బయటికి రాలేదు, అంటే సెన్సర్ దాటాక దొంగగాలి లోపలికి పోవడం లేదు. కోడ్ పీ0171. మిశ్రమం పల్చబడింది, వచ్చే గాలికి తగ్గ పెట్రోలు పడడం లేదు అని దాని అర్థం. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ తన లెక్క మీద పెట్రోలును అలవాటుగా సర్దే శాతం, ప్లస్ 16 దగ్గర కూర్చుంది. ప్లస్సో మైనస్సో ఐదు లోపు ఉంటే నేను పట్టించుకోను. 16 అంటే ఎక్కడో లెక్క తప్పినట్టే.

వెర్నియర్ తీశాను. కంపెనీ ఎయిర్ బాక్సును కుర్రాడు డిక్కీలో వేసుకొచ్చాడు. ఆ తెలివైనా ఉంది, చాలామంది అప్పుడే అమ్మేస్తారు. దాని మాఫ్ గొట్టం లోపలి కొలత 66 మి.మీ. కిట్ గొట్టం 71. ఐదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ గాలికి దారి వైశాల్యం, అది వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 71ని 66తో భాగించి వర్గం చేస్తే 1.157. దారి దాదాపు 16 శాతం వెడల్పయింది, అదే గాలి అందులో ఆ మేరకు నెమ్మదిగా నడుస్తుంది. సెన్సర్‌కి గొట్టంలోని మొత్తం గాలి కనపడదు. తన వేడి ఫిల్మ్ మీదుగా పోయే సన్నటి పాయ ఫిల్మ్‌ని ఎంత చల్లబరుస్తోందో అదొక్కటే దానికి తెలుసు. మిగతాదంతా 66 గొట్టానికి రాసిన లెక్క. ఆ లెక్కతో 71 గొట్టంలో గాలిని తూస్తే ఉన్నదానికంటే 14 శాతం తక్కువ వస్తుంది. ఆ లోటును ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ పసిగట్టి, ఈసీయూ పెట్రోలు పెంచుకుంటూ పోతే చేరేది ప్లస్ 16కి. వెర్నియర్ చెప్పిందీ ట్రిమ్ చెప్పిందీ ఒకటే అంకె. ఇంత సూటిగా కలిసిరావడం నా పనిలో అరుదు.

అందరూ ఇక్కడ మిశ్రమం పల్చబడిందనే టెన్షన్ పడతారు. నా టెన్షన్ వేరు. గాలి తక్కువ వస్తోందని నమ్మిన ఈసీయూ, ఇంజిన్ మీద లోడ్ కూడా తక్కువే అనుకుంటుంది. లోడ్ తక్కువైతే స్పార్క్ కాస్త ముందుగా ఇస్తుంది. నిజానికి సిలిండరు నిండుగా ఉంది. నిండు సిలిండరులో తొందరపడి స్పార్క్ ఇస్తే నాక్ వస్తుంది, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది. లాగ్‌లో, అంటే సెన్సర్ అంకెల రికార్డులో, 3000 ఆర్‌పీఎం దగ్గర ఈసీయూ స్పార్క్ టైమింగును వెనక్కి లాగుతూ కనపడింది, మూడు డిగ్రీలు, ఒక్కోసారి నాలుగు. బండి ఈడుస్తోందన్న ఫిర్యాదులో దీని వాటా ఉంది. పెట్రోలు లోటును ట్రిమ్ సర్దేస్తుంది. టైమింగ్ తప్పును మాత్రం ఈసీయూ నాక్ వచ్చాకే సర్దుతుంది.

ఇంకొకటి. ఆ కోన్ నూనె పట్టించిన కాటన్ రకం. కొత్త ఫిల్టరుకి కూడా "ఎందుకైనా మంచిది" అని కుర్రాడు మరో దఫా నూనె కొట్టాడు. వేలితో నొక్కితే ఎర్రటి నూనె గోరు చుట్టూ ఊరింది. ఆ నూనె తుంపరగా ఎగిరి సెన్సర్ ఫిల్మ్ మీద పడితే రీడింగ్ ఇంకా చెడుతుంది. ఈ బండిలో అదృష్టవశాత్తూ ఇంకా పడలేదు, సెన్సర్ విప్పి భూతద్దంతో చూశాను.

వేడి నిజంగా ఎంత చెడుపు

బయట 32 డిగ్రీలు. బానెట్ మూసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే మాఫ్ దగ్గర 68 డిగ్రీలు చూపించింది. రోడ్డెక్కి 80 స్పీడులో రెండు నిమిషాలు పోనిస్తే 41కి దిగింది. కిట్‌తో వచ్చిన రేకు అడ్డం కోన్‌కి రెండు వైపులే ఉంది. పైన బానెట్‌కీ దానికీ మధ్య అరచెయ్యి దూరేంత సందు. రేడియేటర్ ఫ్యాన్ వెనక్కి తోసే వేడిగాలినే అది పీలుస్తోంది. అట్ట మీద పేరు మాత్రం కోల్డ్ ఎయిర్.

కానీ టర్బో బండిలో ఈ అంకె చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. టర్బో లేని ఇంజిన్‌లో అయితే ఆ గాలి నేరుగా సిలిండరులోకి పోతుంది, ప్రతి డిగ్రీ లెక్కే. ఇక్కడ మధ్యలో టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ ఉంది, ఆ తర్వాత ఇంటర్‌కూలర్ ఉంది. 30 డిగ్రీల గాలిని 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న కంప్రెసర్ రెట్టింపు ఒత్తిడికి నొక్కితే బయటికి వచ్చేసరికి దాదాపు 125 డిగ్రీలు. అదే 50 డిగ్రీల గాలి అయితే 151. లోపలికి పోయేటప్పుడు 20 ఉన్న తేడా బయటికి వచ్చేటప్పటికి 26 అయింది. తర్వాత ఇంటర్‌కూలర్, బయటి గాలి 30 ఉన్నప్పుడు, ఆ అదనపు వేడిలో ముప్పాతిక వంతు తీసేసిందనుకుందాం. మొదటిది 54కి, రెండోది 60కి దిగుతాయి. అంటే ముందు 20 డిగ్రీలు వేడెక్కిన గాలి, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ చేరేసరికి ఆరేడు డిగ్రీల తేడాగా మిగులుతుంది. బండి నడుస్తున్నప్పటి మాట ఇది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కి ఉంటుంది, అప్పుడు ఇంత సాయం ఆశించకూడదు.

అందుకే లాగ్ చూసేవాళ్లు ఏ సెన్సర్ అంకె చూస్తున్నారో చూసుకోవాలి. మాఫ్‌లోనే ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, అది టర్బోకి ముందు. ఇంటర్‌కూలర్ దాటాక మానిఫోల్డ్ దగ్గర ఇంకొకటి. మొదటి దానిలో 20 తగ్గిందని స్క్రీన్‌షాట్ తీసి సంబరపడేవాళ్లను చాలామందిని చూశాను. ఇంజిన్‌కి పట్టేది రెండోదే.

అల్యూమినియం పైపు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మేలు అనే వాదన కూడా కుర్రాడు తెచ్చాడు. ఈ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో సెకనుకి 135 గ్రాముల దాకా గాలి తాగుతుంది. 71 మి.మీ. పైపులో అది సెకనుకి దాదాపు 30 మీటర్ల వేగం. అరమీటరు పైపులో గాలి ఉండేది సెకనులో అరవయ్యో వంతు. అంతలో ఏం వేడెక్కుతుంది? ఐడిల్‌లో వేడెక్కుతుంది, నిజమే, కానీ ఐడిల్‌లో పవర్ ఎవరికి కావాలి.

అసలు ఉక్కిరిబిక్కిరి ఎక్కడ

టర్బోకి ఇన్‌టేక్ ఎంచేటప్పుడు నేను ముందు చూసేది వేడిని కాదు, కంప్రెసర్ మూతి దగ్గర ఎంత వాక్యూమ్ పడుతోందో. కంప్రెసర్ పని అంటే, అది బయటికి పంపే గాలి ఒత్తిడిని దానిలోకి వచ్చే గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చే నిష్పత్తి. భాగహారంలో కింది అంకె తగ్గితే నిష్పత్తి పెరుగుతుంది. ముందు గొంతు నొక్కితే అదే బూస్ట్ (టర్బో పెంచే ఒత్తిడి) కోసం టర్బో ఇంకా వేగంగా తిరగాలి.

కంపెనీ ఎయిర్ బాక్స్ తిరిగి బిగించి, కొత్త పేపర్ ఫిల్టర్ వేసి, బండిని పవర్ కొలిచే రోలర్ల మీదికి ఎక్కించాను. బానెట్ మూసే. బానెట్ ఎత్తి ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెడితే ఏ ఓపెన్ కోన్ అయినా అద్భుతంగా కనపడుతుంది. అది అమ్మేవాళ్ల పద్ధతి.

కొలిచే సరంజామా చాలా మోటుది. మీటరు పొడవు చెక్క పలక మీద యూ ఆకారంలో పారదర్శక గొట్టం, అందులో సగం దాకా నీలం రంగు కలిపిన నీళ్లు. ఒక కొస గాలికి వదిలేశాను. రెండో కొసను టర్బో మూతికి పది సెంటీమీటర్ల ముందు హోస్‌కి పెట్టిన చిన్న నిపుల్‌కి తగిలించాను, మధ్యలో ఒక ఖాళీ సీసా. ఆ సీసా లేకుండా ఈ పని చెయ్యకండి. నీళ్లు ఎగదన్నితే నేరుగా కంప్రెసర్ చక్రం మీదికి పోతాయి. 10.2 సెంటీమీటర్ల నీటి తేడా అంటే ఒక కిలోపాస్కల్. డిజిటల్ గేజ్ నా దగ్గర ఉంది, అయినా ఓనరుకి చూపించాలంటే నీళ్లే మంచివి. ఆర్‌పీఎం పెరుగుతుంటే నీలం గీత ఒక వైపు పాకుతూ పైకి పోవడం, రెండో వైపు జారడం కుర్రాడు నోరు తెరుచుకుని చూశాడు.

135 గ్రాముల దగ్గర తేడా 47 సెంటీమీటర్లు, అంటే 4.6 కిలోపాస్కల్స్. ఫిల్టర్ ఎలిమెంట్ తీసేసి మరో రన్ తీశాను. ఇది శుభ్రమైన గదిలో ఒక్క నిమిషం చేసే పని, రోడ్డు మీద చేసేది కాదు. 4.0 వచ్చింది. గ్రిల్ వెనక నుంచి బాక్సులోకి గాలి తెచ్చే స్నార్కెల్ కూడా తీస్తే 2.9. అంటే ఫిల్టరు వాటా 0.6, స్నార్కెల్ వాటా 1.1. మిగతా 2.9 అంతా మాఫ్ నుంచి టర్బో దాకా పోయే గొట్టానిదే. అది ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు హోస్, టర్బో ముందు ఒక ఇరుకు మలుపు తిరుగుతుంది. ఆ మలుపు లోపల వేలు పెట్టి చూస్తే గొట్టం గుండ్రంగా లేదు, నొక్కినట్టు కోడిగుడ్డు ఆకారంలో ఉంది.

అందరూ ముందు మార్చేది ఫిల్టరు. ఈ బండిలో అతి తక్కువ తప్పు దానిదే.

మూడు దారులు

ఫెండర్ కింద, చక్రం ముందు ఫిల్టర్ వేలాడదీసే పొడుగు కిట్‌ని మొదట్లోనే పక్కన పెట్టాను. గాలి చల్లగానే ఉంటుంది. ఒక్కసారి నీళ్లు నిలిచిన రోడ్డులోకి దిగితే మాత్రం ఫిల్టరు మునుగుతుంది. నీళ్లు నలగవు, పిస్టన్ ఆగదు, వంగేది కనెక్టింగ్ రాడ్. టర్బో ఉన్నంత మాత్రాన దీనికి మినహాయింపు లేదు.

మిగిలినవి మూడు. ఒకటి, కుర్రాడి కోన్ కిట్టే, కానీ 66 మి.మీ. కంపెనీ మాఫ్ గొట్టాన్ని మధ్యలో కలిపి. రెండు, అన్ని వైపులా మూత ఉండి గ్రిల్ వెనక నుంచి గాలి తీసుకునే క్లోజ్డ్ బాక్స్ కిట్, టర్బో దాకా నునుపైన పెద్ద మలుపుతో. మూడు, కంపెనీ బాక్స్ అలాగే ఉంచి ముడతల హోస్ ఒక్కటి తీసేసి నునుపైనది వేయడం.

వాక్యూమ్ మొదటి దానికి 2.0, రెండో దానికి 2.3, మూడో దానికి 3.0. పది నిమిషాల ఐడిల్ తర్వాత మాఫ్ దగ్గర ఉష్ణోగ్రత మొదటి దానికి 66, రెండో దానికి 47, మూడో దానికి 45. పవర్? కంపెనీ ఈసీయూతో నాలుగు రకాల బిగింపుకీ మధ్య తేడా, ఒకే బిగింపుతో తీసిన రెండు రన్‌ల మధ్య తేడా కంటే ఎక్కువ లేదు. సున్నా అని చెప్పను, కొలవగలిగినంత లేదు.

కుర్రాడి మొహం వాడిపోయింది. కారణం చెప్పాను. ఈ కాలం ఈసీయూలు టార్క్‌ని లక్ష్యంగా పెట్టుకుని నడుస్తాయి. ఇంత టార్క్ ఇవ్వాలని లోపల రాసి ఉంటుంది. గాలి తేలిగ్గా వస్తే అది సంతోషించి ఎక్కువ ఇవ్వదు, వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్క నుంచి పంపేసే తలుపు) కాస్త తెరిచి టర్బోని నెమ్మదిస్తుంది. లాగ్‌లో అదే ఉంది. వేస్ట్‌గేట్ డ్యూటీ, అంటే దాన్ని మూసి ఉంచడానికి ఈసీయూ పడే పాటు, కంపెనీ బిగింపుతో 62 శాతం, క్లోజ్డ్ బాక్స్‌తో 56. లాభం వచ్చింది, కానీ చక్రాల దగ్గరికి రాలేదు. టర్బో దగ్గర పొదుపుగా మిగిలింది.

ఆ పొదుపు ట్యూన్ చేసినప్పుడు బయటికి వస్తుంది. గాలి పెరిగితే అడ్డంకి వర్గంతో పెరుగుతుంది. ట్యూన్ తర్వాత ఈ ఇంజిన్ సెకనుకి 165 గ్రాములు తాగుతుందని నా అంచనా. అప్పుడు కంపెనీ దారిలో 4.6 కాస్తా 6.9 కిలోపాస్కల్స్ అవుతుంది. క్లోజ్డ్ బాక్స్‌లో 2.3 అన్నది 3.4. బయటి గాలి ఒత్తిడి 100 అనుకుని, టర్బో 225 కిలోపాస్కల్స్ ఇవ్వాలంటే మొదటి దానికి నిష్పత్తి 2.42, రెండో దానికి 2.33. చిన్న టర్బోకి తన సత్తా పై అంచున ఈ తేడా చిన్నది కాదు. అక్కడ అది గాలి కంటే వేడిని ఎక్కువ తయారుచేస్తుంది.

ట్యూన్ ఆలోచన లేని ఓనరు అయితే మూడో దారి చెప్పి పంపేవాణ్ణి. ఒక్క హోస్, గంట పని, బాక్స్ కంపెనీది, దుమ్ము భయం లేదు. కుర్రాడికి ట్యూన్ ఉంది కాబట్టి రెండోది ఎంచాం. కిట్ తెప్పించే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకున్నాను: మాఫ్ గొట్టం లోపలి కొలత సరిగ్గా 66 ఉందా, సెన్సర్‌కి ముందు మలుపు లేకుండా కాస్త తిన్నటి పైపూ గాలిని సరిచేసే జాలీ ఉన్నాయా, క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) గాలి తిరిగొచ్చే నిపుల్, కాలు తీసినప్పుడు మిగిలిన బూస్ట్‌ని వదిలే బైపాస్ వాల్వ్ హోస్ నిపుల్ రెండూ సెన్సర్ దాటాకే ఉన్నాయా. బైపాస్ వాల్వ్ గాలిని బయటికి వదిలేస్తే, లెక్కలో రాసిన గాలి ఇంజిన్‌కి చేరక గేర్ మార్చిన ప్రతిసారీ మిశ్రమం చిక్కబడుతుంది. ఫిల్టరు నూనె అక్కర్లేని డ్రై రకం తీసుకున్నాం.

"సౌండ్?" అన్నాడు చివరికి.

తగ్గుతుందని చెప్పాను. ఆ శబ్దం ఇష్టమై ఎవరైనా కోన్ పెట్టుకుంటానంటే నేను నవ్వను. నాకూ ఇష్టమే. దాన్ని పవర్ అనుకోకపోతే చాలు.

నా పొరపాటు

బిగించాక ట్రిమ్ ప్లస్ 2కి వచ్చింది, నాక్ పోయింది, లైటు ఆరింది. సంతోషంగా పంపించాను. నాకున్న అలవాటు ఒకటి, ఫిల్టరు దాటాక పైపు లోపలి గోడకి పల్చగా గ్రీజు రాసి పంపిస్తాను. వెయ్యి కిలోమీటర్ల తర్వాత రమ్మన్నాను. మాఫ్ ముందు పైపు విప్పి వేలు తిప్పితే గ్రీజు మీద బూడిదరంగు గీత, వేలి మీద సన్నటి గరుకు. రెండు వేళ్ల మధ్య నలిపితే కరకరమంది. ఇసక.

ఫిల్టరు తప్పు కాదు. ఫిల్టరు అంచు కూర్చునే చోట బాక్స్ అచ్చులో సన్నటి గట్టు మిగిలి ఉంది. ఆ గట్టు పక్కన రబ్బరు అంచుకీ బాక్సుకీ మధ్య కాగితం దూరేంత సందు. బిగించేటప్పుడు నేను టార్చి వేసి చూడలేదు. కొత్త కిట్ కదా అని నమ్మేశాను. టర్బో చక్రం నిమిషానికి లక్ష పైన తిరుగుతుంది, ఆ వేగంలో ఇసక దాని రెక్కల ముందు అంచును ఆకురాయిలా అరగదీస్తుంది. ఇన్‌టేక్ పైపు తీసి రెక్కల అంచులు చూశాను, ఇంకా పదునుగానే ఉన్నాయి. వెయ్యి కిలోమీటర్లకే దొరికింది కాబట్టి బతికిపోయాం. గట్టును గీకి, అంచు చుట్టూ సన్నగా గ్రీజు పూసి, ఫిల్టరు తిరిగి కూర్చోబెట్టాను. మూత వేసే ముందు లోపల చిన్న లైటు పెట్టి, షెడ్డులో దీపాలు ఆర్పి చుట్టూ తిరిగి చూశాను. ఎక్కడా వెలుతురు కారలేదు. ఈ పరీక్ష మొదటిరోజే చేయాల్సింది. ఈ పనికి డబ్బులు తీసుకోలేదు.

తర్వాత

ట్యూన్ అనుకున్న టైముకే అయింది. నీళ్ల పలక మళ్లీ తగిలించాం. 163 గ్రాముల దగ్గర నీలం గీతల మధ్య తేడా 35 సెంటీమీటర్లు, అంటే 3.4. నేను వేసిన అంచనాకి ఇంచుమించు అదే. వేస్ట్‌గేట్‌కి ఇంకా చేతిలో ఖాళీ ఉంది. ట్యూన్ చేసినతను బూస్ట్ ఇంకా పెంచుదామన్నాడు, క్లచ్ సంగతి చూసి నేనే వద్దన్నాను.

ఆ మధ్య సర్వీసుకి వచ్చినప్పుడు పైపులో మళ్లీ వేలు పెట్టి చూశాను. గ్రీజు రాసినప్పుడు ఎలా ఉందో అలాగే తేటగా ఉంది. పాత కోన్ ఏం చేశావని అడిగితే, ఇంట్లో అటక మీద ఉందన్నాడు. బయటికి తీస్తూ కిటికీ అద్దం దించి, రెండో గేరులో గట్టిగా నొక్కి, చెవి బయటికి పెట్టి వినుకుంటూ పోయాడు.